గాజుగుడ్డ

నేను తారు మనిషిని.
ఈ సరస్సులో తేలినవీ మునిగినవీ
మా పడవలన్నిటికీ కడుపు నల్లగానే ఉండేది.
పైన్ మొద్దులు బట్టీ పెట్టి కార్చిన తారు,
ఆ వాసన మా నాన్న చొక్కాల్ని
ఆయన పోయాక కూడా వదల్లేదు.

అందుకే హిల్కా
రెండు డబ్బాలూ ఓ గాజుగుడ్డ చుట్టా తెచ్చి
షెడ్డు గుమ్మంలో దింపినప్పుడు
"పడవకి ప్లాస్టిక్ చొక్కానా?" అన్నాను.
నా మేనకోడలు స్కూలు బస్సు నడుపుతుంది.
నలభైమంది పిల్లల అరుపులు మోసే చెవులు,
నా మాట వాటి పక్కనుంచి ఎటో పోయింది.

జూన్ నెల. రాత్రి ఎనిమిదైనా
సైమా నీళ్ల మీంచి ఎండ లేచి వెళ్లలేదు.
"చల్లబడే పూటే మొదలెట్టాలి మామయ్యా.
వేడెక్కే పూటైతే కొయ్య ఊపిరి వదుల్తుంది,
బుడగలొస్తాయి."
కొయ్య ఊపిరి సంగతి నాకు చెబుతోంది!
అయినా చేతికి తొడుగులు తొడుక్కున్నాను.

బోర్లించిన పడవ మీద గుడ్డ పరిచాం.
తెల్లగా, చల్లగా, వంపు వంపునా జారింది.
"ఎవరో పోయినట్టుంది" అన్నాను.
"ఆ మూల లాగు" అంది.

జిగురు రెండు పాళ్లు, గట్టిపరిచేది ఒక పాలు.
మొదటి కప్పు చేత్తో పట్టుకుని
ఏవో కబుర్లలో పడ్డాను.
వెచ్చబడింది, కాగింది, పొగ చిమ్మింది.
లేతపాకం, తీగపాకం, ఉండపాకం
అన్నీ ఏడు నిమిషాల్లో, చక్కెర పలుకు లేకుండా.
లాక్కుని బయట గులకరాళ్ల మీదికి విసిరింది.
"కప్పులో కుప్పగా ఉంటే కాగుతుంది,
పల్చగా పరిస్తే నిదానిస్తుంది."
ఐదుగురు అన్నదమ్ములం ఒకే గదిలో పెరిగాం,
ఆ ముక్క మాత్రం వెంటనే అర్థమైంది.

రెండో కప్పు ఒలకబోశాం.
అప్పుడు చూశాను.
రబ్బరు బద్ద నడిచిన మేరా
తెలుపు కరిగిపోతోంది.
గుడ్డ ఉందో లేదో వేలికి తప్ప కంటికి తెలీదు.
కింద కొయ్య, తేనెరంగులో,
ముడి ముడీ, ఈనె ఈనే,
నేను చిత్రిక పట్టిన రోజున కూడా
ఇలా కనపడలేదు.
తారు పూశాక కొయ్యని మళ్లీ చూడం.
యాభై ఏళ్లు అదే పని చేశాను.

ఎడమవైపు, ముక్కుకి మూరెడు ఇవతల
పెన్సిల్ అంకెలు తేలాయి.
నా చేతిరాతే.
డెబ్బైమూడు ఉండాల్సిన చోట
ముప్పైఏడు.
మార్చిలో ఆ అంకె నమ్మి తను పక్క పలక కోసింది.
మంచి పలక, ఆఖరిది.
తప్పు నాది కాదని
మూడు వారాలు ఈ షెడ్డు తలుపు తట్టలేదు నేను.

"ఒళ్లంతా ఇసుక కాగితం పట్టావుగా,
ఇది చెరపలేదేం?"
"అక్కడ పట్టలేదు" అంది
బద్ద ఆపకుండా.
జిగురు అప్పటికే అంకెల మీదుగా పోయింది.
ఏమనాలో తోచక
ఓ బుడగని అంచుదాకా తోసుకెళ్లాను,
అవసరం లేనంత నెమ్మదిగా.

పన్నెండైంది. ఇంకా వెలుతురే. దోమలు.
ఒకటి తడి మీద వాలి
ఆరు కాళ్లతో అక్కడే ఉండిపోయింది.
పీకబోతే "వద్దు, వేలిముద్ర పడుతుంది,
తర్వాత గీకేద్దాం" అంది.

పొద్దున గోరు గుచ్చితే దిగీ దిగనట్టుంది.
వేలాడే అంచుల్ని కత్తితో కోశాం,
జున్ను కోసినంత సుళువుగా.
మర్నాటికి పైన మైనంలాంటి చెమట పట్టింది.
గోరువెచ్చటి నీళ్లతో తుడిచాను.
ఇసుక కాగితం చుట్టిన దిమ్మ నా చేతిలో పెట్టింది.
రుద్దాను,
దోమ చుట్టూ.

చూసింది గానీ ఏమీ అనలేదు.
రెండో పూతకి కప్పులు వరసగా పేర్చి
"రెండుకి ఒకటి" అంది.
"తెలుసు" అన్నాను.
అయినా పోసేముందు
కప్పు కళ్లజోడు దాకా ఎత్తి
అంకె రెండుసార్లు చదువుకున్నాను.